తీసినా

పీరాసాబ్‌కు ఒక మొండిపట్టు ఉంది. అవతల స్విచ్ దగ్గరున్న మనిషి నోరారా "సచ్చింది" అంటే తప్ప ఆయన కరెంటు పెట్టెలో వేలు పెట్టడు. "ఆపు చేసినా" అంటే వినడు. "సచ్చిందా?" అని అడుగుతాడు, "సచ్చింది" అనిపించుకుంటాడు, ఆపైన టెస్టరు పెట్టి చూసుకుంటాడు, ఆ తర్వాతే చేయి. అనంతపురంలో ఆయనతో పనిచేసిన వాళ్లంతా దీన్ని తలుచుకుని నవ్వుకున్నవాళ్లే. నవ్వితే నవ్వనీ అంటాడాయన. పడుచు వయసులో గార్లదిన్నె దగ్గర ఒక మోటరు షెడ్డులో ఎవడో "ఊ, అయిందిలే" అన్నాడని నమ్మి చేయి పెట్టాడు. ఆ మహానుభావుడికి అయింది బీడీ ముట్టించుకోవడం! ఎడమచేతి రెండు వేళ్లు అప్పటి నుంచి కొక్కేల్లా వంగే ఉన్నాయి.

"అన్ని మాటలకూ రెండర్థాలుంటాయి పాపా," అనేవాడు భారతితో, ఆమెకు పని నేర్పే రోజుల్లో. "సావుకు ఒకటే."

భారతి ఐటీఐ చదివి నేరుగా ఆయన దగ్గరే చేతికి నూనె అంటించుకుంది. ఇప్పుడు కాంట్రాక్టరు ఆమెను సూపర్‌వైజరుగా పెట్టాడు, ఆయన ఆమె కింద పనిచేస్తున్నాడు. ఇంకొకడైతే ముఖం మాడ్చుకునేవాడు. పీరాసాబ్ మాత్రం దొరికిన వాడికల్లా "మా పాప సూపర్‌వైజరు" అని చెప్పుకుని తిరిగాడు. ఆమె ఆయనను మామా అంటుంది. ఆయన భార్య గౌస్‌బీ రోజూ మొగుడి క్యారియరులో భారతికీ ఒక గిన్నె సర్ది పంపుతుంది, తిన్నదో లేదోనని మధ్యాహ్నం ఫోన్ కూడా చేస్తుంది.

రాయదుర్గం రోడ్డులో మైదానం పక్కనున్న చార్జింగ్ స్టేషన్ ఊళ్లోకెల్లా పాతది. పొద్దున తగిలించిన ఆటో మధ్యాహ్నం దాకా కదిలేది కాదు, డ్రైవర్లు అక్కడే తువ్వాళ్లు పరుచుకుని నిద్రపోయేవాళ్లు. ఇప్పుడు ఊరంతా ఆ పాత డబ్బాలు పీకేసి పెద్ద మిషన్లు పెడుతున్నారు. టీ తాగి వచ్చేలోపు బండి నిండిపోతుందట. అంత కరెంటును పాత తీగ ఎక్కడ మోస్తుంది? అందుకని మైదానం గోడ వెనకాల కొత్త ట్రాన్స్‌ఫార్మరు దింపారు, దాని పక్కనే చిన్న గది కట్టి మెయిన్ స్విచ్ పెట్టారు, అక్కడి నుంచి మణికట్టు లావు కేబులును భూమిలోంచి స్టేషన్ దాకా లాగారు. స్టేషన్ దగ్గర నిలబడితే ఆ గది కనపడదు. ఏం చెప్పుకున్నా ఫోన్లోనే.

ఆ మిషను నిలబెట్టిన నాటి నుంచి భారతికి మనసు మనసులో లేదు. పాత డబ్బాలు ఉన్నాయో లేవో అన్నట్టు ఉండేవి. ఇది బండి తగిలించకపోయినా సన్నగా మూలుగుతూనే ఉంటుంది. మైదానంలో తిరిగే కుక్కలు దాని నీడలోకి వస్తాయి, చెవులు రిక్కిస్తాయి, లేచి ఎండలోకే పోయి పడుకుంటాయి. మే నెల ఎండలో! రోడ్డుకు అవతల టీకొట్టు నడిపే మారెక్క కొట్టును కొంచెం పక్కకు జరుపుకుంది.

"ఏంటికి మారెక్కా జరిగినావు?" అని భారతి అడిగింది.

"ఏమోనమ్మా. అది నన్నే సూస్తాండాది," అంది మారెక్క. నవ్వుతూ అనలేదు.

ప్రారంభోత్సవం రోజు రానే వచ్చింది. పెద్ద ఆఫీసరు వస్తున్నాడని షామియానా వేశారు, మైకు పెట్టారు, కరెంటును నమ్ముకోలేక ఆ మైకుకూ ఫ్యాన్లకూ ఒక జనరేటరు తెచ్చి గుడగుడమనిపించారు. చార్జింగ్ స్టేషన్ ప్రారంభానికి డీజిలు జనరేటరు! అడిగేవాడెవడు? వార్డు నాయకురాలు హేమావతి పట్టుచీర కట్టుకుని పొద్దున్నే దిగింది. పూజారి మిషనుకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ చేతిలోకి తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పీరాసాబ్ చివరిసారి తీగలు సరిచూసుకుందామనుకున్నాడు. స్విచ్ గది దగ్గర కుళ్లాయప్ప ఉన్నాడు. మడకశిర నుంచి కొత్తగా వచ్చినవాడు, సగం కన్నడం సగం తెలుగు, గొంతు మాత్రం గొర్రెలను తోలే గొంతు. భారతి ఫోన్ స్పీకరులో పెట్టి మామ ముందు పట్టుకుంది.

"సచ్చిందా?" అన్నాడు పీరాసాబ్.

"సచ్చిందన్నా! పూర్తిగా సచ్చింది! ఊపిరి గూడ ల్యా!" అని కుళ్లాయప్ప అరుపు షామియానా అంతటా వినిపించింది.

పూజారి చేతిలోని కాయ అక్కడే ఆగిపోయింది. హేమావతి ముఖం కందగడ్డయింది. "ఏమ్మా, శుభమా అని పని మొదలుపెడ్తాంటే ఈ సావు మాటలేంది? ఎవురమ్మా ఈడ పెద్ద? నువ్వేనా? ఇట్లాంటి వాళ్లనా పనికి పెట్టినేది?" అని అందరి ముందూ కడిగేసింది. ఇంతలో కాంట్రాక్టరు చెవిలోనూ ఎవరో ఊదారు. ఆయన ఫోన్లో తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

భారతికి ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. ఇది ఆమె సొంతంగా చూసుకుంటున్న మొదటి పని. పోగొట్టుకోవడం ఆమె వల్ల కాదు. పీరాసాబ్‌ను పక్కకు పిలిచింది.

"మామా, ఈపొద్దుకు ఆ మాట వద్దు. నీకు దండం పెడతా. తీసినావా అని అడుగుదాం, తీసినా అంటాడు. కరెంటు తీసినాడనే కదా ఊరంతా అనేది? దాంట్లో తప్పేముంది?"

పీరాసాబ్ వంగిన వేళ్లతో గడ్డం గోక్కున్నాడు. "అది మాట గాదు పాపా, నా ప్రాణం," అన్నాడు. భారతి కళ్లలో నీళ్లు చూశాడు. చూసి నవ్వేశాడు. "సరే పో. నీ కోసం, ఈ ఒక్కపొద్దు."

అలా అనకపోయుంటే ఎంత బాగుండేది! ఎంత మొండివాడైనా పెంచుకున్న పిల్ల కన్నీళ్ల ముందు కరిగిపోతాడు, ఏం చేస్తాం. భారతి కుళ్లాయప్పకు కూడా ఫోన్ చేసి, ఆ మాట నోట్లోంచి వస్తే పనిలోంచి తీసేస్తానని గట్టిగానే చెప్పింది.

తీగలు చూడటం అయ్యాక కుళ్లాయప్ప మెయిన్ మళ్లీ వేసి గదికి తాళం పెట్టాడు. ఎండ ముదిరింది. ఆఫీసరు కారు బయలుదేరిందని కబురొచ్చింది. ముందు వరసలో నిలబెట్టిన రెండు ఆటోలకు మిషను గొట్టాలు తగిలించి చూస్తే ఒకదానికి ఎక్కుతోంది, ఇంకొకదానికి ఎక్కడం లేదు. తెర మీద ఎర్రగా ఏదో వస్తోంది, పోతోంది. పీరాసాబ్ పక్కనున్న ఇనుప పెట్టె తలుపు తీసి, లోపలికి ముక్కు పెట్టి వాసన చూశాడు.

"ఈడ బోల్టు వదులైంది పాపా. కాలిన వాసనొస్తాండాది. బిగిస్తే సరిపోతాది. అయితే ఇది కేబులు వచ్చి తగిలే సోటు. గదిలో తీస్తే తప్ప దీన్ని ముట్టేకి ల్యా."

భారతి కుళ్లాయప్పకు ఫోన్ చేసింది. జనరేటరు హోరు ఒక పక్క, మైకులో "హలో, హలో" ఇంకో పక్క. ఒక చెవి మూసుకుని, తొందరపెడుతూ అరిచింది.

"కుళ్లాయప్పా, బిన్నాగ మెయిన్ తీయప్పా!"

"మేడం, తాళం తిరుగుతా ల్యా! ఎండకు బిగుసుకున్యాది!" అన్నాడు వాడు. మైకు గోలలో ఆమెకు 'మేడం' తప్ప ఇంకేమీ వినపడలేదు.

"బిన్నాగ తీ! ఆఫీసరు వస్తాండాడు!"

"తీస్తాండా మేడం, తీస్తాండా!"

ఆమె మిషను తెర వైపే చూస్తూ నిలబడింది. ఎర్రక్షరాలు ఒకసారి వణికాయి. తెర నల్లబడింది. అన్నాళ్లుగా ఆగని మూలుగు ఆగిపోయింది. భారతికి హాయిగా అనిపించాల్సింది, ఎందుకో అనిపించలేదు. రోడ్డుకవతల మారెక్క ఒక అట్టముక్క తీసుకుని ముఖానికి విసురుకుంటోంది. ఎండ కదా, విసురుకోదూ?

"తీసినావా?" అని ఫోన్లో అడిగింది.

"తీసినా మేడం! తీసినా!" కుళ్లాయప్ప గొంతులో సంబరం.

భారతి పీరాసాబ్ వైపు తిరిగింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, పెట్టెలోకి చూస్తున్నాడు.

"తీసినాడు మామా."

"తీసినాడా?" అన్నాడాయన. ఇంకేదో అడగబోయాడు. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, హేమావతి కూర్చున్న వైపు చూసి, నాలుక కరుచుకున్నాడు. టెస్టరు తీసి పెట్టాడు. అది వెలగలేదు. ఒకటికి రెండుసార్లు పెట్టాడు. వెలగలేదు. "బిస్మిల్లా" అనుకుని స్పానరు పట్టుకుని చేయి లోపలికి పెట్టాడు.

భారతి మళ్లీ మారెక్క వైపు చూసింది. మారెక్క అట్టముక్కను పక్కన పడేసి, తల పైకెత్తి, "అబ్బ" అన్నట్టు కళ్లు మూసుకుంది. ఆమె నెత్తి మీద, టీకొట్టు రేకుల కింద, ఫ్యాను మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.

ఫ్యాను తిరుగుతోంది. అంటే ఇందాక ఆగింది. అంటే ఇందాక పోయింది మొత్తం కరెంటు, ఊరి కరెంటు. అంటే మిషను తెర నల్లబడింది కుళ్లాయప్ప తీసినందుకు కాదు. అంటే...

"మామా!" అని ఆమె కేక పెట్టడమూ, పెట్టెలోంచి తెల్లటి మెరుపు రావడమూ ఒక్కసారే జరిగాయి.

మైకులో ఎవరో పాట పెట్టారు. అది అలాగే మోగుతూ ఉంది. ఆటోడ్రైవర్లు కర్రలతో పీరాసాబ్‌ను పక్కకు తోశారు. ఎవరో నీళ్లన్నారు, ఎవరో నీళ్లు వద్దన్నారు. భారతి ఆయన ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి, ఆయనే నేర్పినట్టు నొక్కింది, నొక్కుతూనే ఉంది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. వాటిలో కోపం లేదు, నొప్పి కూడా లేదు. ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టున్నాయి.

గోడ చుట్టూ తిరిగి కుళ్లాయప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ఊడిన తాళం ఉంది.

"ఏమాయె మేడం? తలుపు తీసినా, లోపలికి పోయినా, అంతా చీకటి. తడుముకుంటా ఉంటి. లైటు వెలిగినాక కదా హ్యాండిల్ కనపడింది! కనపడినంతనే లాగేస్తి!" అన్నాడు. అప్పుడు కింద పడి ఉన్న మనిషిని చూశాడు. "తలుపే కదా మేడం మీరు అడిగింది? తాళం తిరగల్యా అని సెప్తి కదా నేను?"

భారతి ఛాతీ నొక్కుతూనే వాడి చేతిలోని తాళం వైపు చూసింది. తలుపూ తీస్తారు, కరెంటూ తీస్తారు. వాడు తీసింది తలుపు. వాడు అబద్ధం చెప్పలేదు. రెండర్థాలు లేని మాట ఒకటి ఉండేది, దాన్ని వాడి నోట్లోంచీ మామ నోట్లోంచీ లాగి పారేసింది తనే.

అంబులెన్సు వచ్చింది. అందులోంచి దిగిన మనిషి ఆమెను జరిపి తను కూర్చున్నాడు. మెడ మీద వేళ్లు పెట్టాడు, ఛాతీ నొక్కాడు, మళ్లీ వేళ్లు పెట్టాడు. చివరికి చేతులు తీసేసి, ఆమె వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. హేమావతి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలోనే కూలబడింది. ఎవరో పాట ఆపారు.

అప్పుడు ఫోన్ మోగింది. పీరాసాబ్ చొక్కా జేబులో. భారతి తీసి చూసింది. గౌస్‌బీ.

మోగనిచ్చింది. ఆగి, మళ్లీ మోగింది. ఇక తప్పలేదు.

"అత్తా, నేను భారతిని."

"ఏం పాపా, ఉగ్గాని తింటివా? ఈపొద్దు మిరపకాయలు కొంచెం ఎక్కువేసినా, నీకిష్టమని. పండగ బాగా జరిగిందా? మామకు ఇయ్యి ఫోను."

"అత్తా..." చుట్టూ ఉన్నవాళ్లంతా ఆమె నోటి వైపే చూస్తున్నారు. "అత్తా, మామ పోయినాడు."

"పోయినాడా?" గౌస్‌బీ విసుక్కుంది. "ఈ ఎండలో యాడికి పోయినాడు? బువ్వ తినే పొద్దయితాండాది. నువ్వన్నా సెప్పకూడదా పాపా? ఫోను గూడ మర్సిపోయి, యాడికి పోయినాడు?"

భారతి మిషను వైపు చూసింది. పసుపూ కుంకుమా పూసుకుని అది నల్లటి తెరతో అలాగే నిలబడి ఉంది. దాని ముందు ఎవరూ కొట్టని కొబ్బరికాయ ఉంది. అవతల ఫోన్లో గౌస్‌బీ ఇంకా అడుగుతూనే ఉంది, యాడికి, యాడికి అని. పొద్దున తను వద్దన్న మాట తప్ప ఆమెకు అర్థమయ్యే మాట ఇంకొకటి మిగల్లేదు.

"సచ్చిపోయినాడత్తా," అంది భారతి.