పడుగు తాగిన మందు

ఆ వారం జోడ్‌భావి పేటంతా చేపల కంపు. సముద్రం ఎక్కడ, సోలాపూర్ ఎక్కడ! అయినా నేతగాళ్ళ గల్లీలో ఏ గడప ముందు నిలబడ్డా ముక్కు మూసుకోవలసిందే. కుక్కలు వీధిలో చాచిన పడుగుల కింద తిరుగుతూ, చేప ఎక్కడుందో తెలియక మొరుగుతున్నాయి. కొమురయ్య మాత్రం కుంచెతో పడుగు దువ్వుతూ మురిసిపోతున్నాడు.

"కంపు కొడ్తే కొట్టనీ. నూనె మస్తు జిగటున్నది. ఒక్క పోగు తెగుతలేదు, జూసినవా?"

"జూసిన. మన సేటు సుక్క నూనె ఊకెనే ఇచ్చుడేంది! ఇయ్యాల పొద్దు యాడ పొడిసిందో," అని నవ్వింది అతని భార్య యల్లమ్మ.

పడుగుకు గంజి పట్టించాక నూనె రాసి దువ్వడం నేతలో మామూలు పని. ఆ నూనె ఎవరిది వాళ్ళు కొనుక్కోవాలి. ఈసారి నూలు కోసం కార్ఖానాకు పోతే గుమాస్తా నర్సప్ప ఒక్కో నూలు కట్ట మీద ఒక్కో సీసా పెట్టి, "నూనె. సేటు ధర్మానికి ఇస్తుండు, తీస్కపోండ్రి" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. నూలుతో వచ్చిన నూనె నూలుకు కాక ఇంక దేనికనుకుంటారు? పేటలో ఉన్న పడుగులన్నీ ఆ నూనె తాగాయి.

వాళ్ళ కూతురు గోదావరి, ఆరేళ్ళది, నూనె గిన్నెలో వేలు ముంచి నోట్లో పెట్టుకోబోయింది. పొద్దున తిన్న సగం జొన్నరొట్టె ఎప్పుడో అరిగిపోయింది పాపం. యల్లమ్మ ఆ చేతి మీద ఫట్టున ఒక్కటేసింది.

"పడుగు నూనె ముడ్తవా! మీ నాయిన సంపుతడు."

ఆ పిల్ల మీద యల్లమ్మకు అప్పటికే కోపం. పగలంతా గల్లీలో గంతులేస్తుంది. దీపం పెట్టే వేళకు నూలు కండెలు చుట్టమంటే చేతులు తడుముకుంటుంది, తెగిన పోగు దొరకడం లేదంటుంది. ఒకసారి మగ్గం గుంటలో పడి మోకాలు చెక్కుకుంది. పని తప్పించుకునే వేషాలని తల్లి రెండు తగిలించింది కూడా. పొద్దుగూకితే పోయి తెల్లారితే వచ్చే కళ్ళుంటాయా ఎక్కడన్నా! ఎడమ కన్ను మెరుపు తగ్గి, కడగని గాజుగ్లాసులా మసకబారడం మాత్రం చూసింది. దుమ్ము పడి ఉంటుందనుకుంది.

చీరలు నేసి కార్ఖానాలో ఇచ్చిన నాడు సంగతి బయటపడింది. సేటు సిద్ధరాములు ఒక చీర మడత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, ఓక్ మని దూరంగా విసిరేశాడు. ఇంకోటి తీశాడు. అదీ అంతే.

"బేవకూఫ్ మంది! పిల్లల కండ్ల మందు పడుగుకు రాస్తరా? ఈ కంపు చీరలు ఎవడు కట్టుకుంటడు? నీ పెండ్లామా, నా పెండ్లామా?"

పక్కనున్న వాళ్ళు తలలు వంచుకున్నారు. చీర ఇవ్వడానికి వచ్చిన యల్లమ్మ మాత్రం తల ఎత్తింది.

"కండ్ల మందేంది సేటూ?"

నర్సప్ప విసుగ్గా చెప్పాడు. "మాపటీలి కండ్లు కనవడని పిల్లలకు తాగవెట్టేది. చేపనూనె. ఊర్ల బీదలకు ధర్మం జేసే మండలి పెద్దోళ్లు మీకు పంచుమని సేటుకిచ్చిండ్రు. దినాం చెంచెడు తాగాలె. తాగకుంటే మొత్తానికే పోతయట కండ్లు."

మగ్గం గుంట, చెక్కుకున్న మోకాలు, తాను కొట్టిన దెబ్బలు అన్నీ ఒక్కసారి యల్లమ్మ కళ్ళ ముందుకొచ్చాయి.

"మరి ఇచ్చిన్నాడు జెప్పలేదేంది?"

"మీరడిగిండ్రా?"

అడగలేదట! పిల్లల కళ్ళ మందు చేతిలో పెట్టి, నోరు విప్పి ఒక్క మాట చెప్పనివాడు నర్సప్ప. తప్పు మాత్రం వీళ్ళది. పెట్టెలు అందుకున్న నాడు మండలి పెద్దల చేత దండ వేయించుకోవడానికి సేటుకు తీరిక దొరికింది. ఇది పడుగుకు కాదు, పిల్లలకు అని చెప్పించడానికి దొరకలేదు.

యల్లమ్మ చేతులు జోడించింది. "నా బిడ్డకు మాపటీలి కండ్లు కనవడ్తలేవు సేటూ. గోదాంల ఇంక సీసాలుంటే ఒక్కటియ్యుండ్రి. మీ కాల్మొక్త."

"పెట్టెలకు పెట్టెలున్నయి. చీరలు ఖరాబ్ జేసినోళ్లకు మళ్ల మందా? ముందుగాల వీటికి బదులు చీరలు నేసి తెండ్రి. గప్పుడు జూద్దాం." సేటు ఆ కంపు చీరను ఆమె కాళ్ళ దగ్గరికి తన్నాడు. "ఇంకో మాట. ఐతారం మండలోళ్లు వస్తున్నరు. పిల్లలందరు మందు తాగిండ్రని జెప్పిన. ఎవ్వలన్న వేరే మాట మాట్లాడిండ్రో, నూలు బంద్!"

చీర నేయడానికి వారం పడుతుంది. కన్ను అంతవరకు ఆగుతుందా? మిగతావాళ్ళలాగే యల్లమ్మా తన చీర ఎత్తుకుని ఇంటికి వచ్చింది. ఇంట్లో సీసా ఎప్పుడో ఖాళీ. పొద్దు వాలాక గోదావరిని పిలిచి, రొట్టెముక్క చాచి పట్టుకుంది. పిల్ల వాసన పట్టి నవ్వింది. చెయ్యి చాచింది. రొట్టె ఇటుంటే ఆ చెయ్యి అటు, గోడ వైపు, ఉత్త గాలిలో వెతికింది. అలా వెతుకుతూనే, "ఏదే అమ్మా? నన్ను ఆడిపిస్తున్నవా?" అంది.

యల్లమ్మ రొట్టె ఆ చేతిలో పెట్టి, పిల్లను గట్టిగా అదుముకుని బావురుమంది.

"నోరు తెరుస్తే నూలుండదే," అన్నాడు కొమురయ్య, ఆమె మనసులో మాట కనిపెట్టి.

"నూలు లేకుంటే కూలికి పోత. బిడ్డ కండ్లు ఏ కార్ఖానాల దొరుకుతయి? జెప్పు!"

ఆదివారం కార్ఖానా వాకిట్లో షామియానా వేశారు. పిల్లలకు తలలు దువ్వించి వరసగా నిలబెట్టారు. మండలి పెద్దలు సేటుకు శాలువా కప్పారు. పేటలో ఏ పిల్లా గుడ్డిది కాకుండా కాపాడిన పుణ్యాత్ముడని ఒకాయన మాట్లాడితే అందరూ చప్పట్లు కొట్టారు. నర్సప్ప మరీ గట్టిగా కొట్టాడు. మండలి తరఫున వచ్చిన నర్సు సుందరాబాయి మాత్రం వేదిక దిగి నేరుగా తల్లుల దగ్గరికి వచ్చింది. మన పద్మశాలీల ఆడపిల్లే, పుణేలో చదువుకుంది.

"పిల్లలు మందు మంచిగ తాగిండ్రా అక్కా? కక్కలేదు గద?"

తల్లుల కళ్ళు వేదిక వైపు పోయాయి. సేటు వేదిక మీద నుంచి కళ్ళతోనే నూలు బంద్ అంటున్నాడు.

యల్లమ్మ చంకలో మూట విప్పుతూ వేదిక ఎక్కింది. చీర దులిపి, శాలువా మీదుగా సిద్ధరాములు భుజాల చుట్టూ కప్పింది. కంపు గుప్పుమంది. పెద్దలు కుర్చీలు వెనక్కి లాక్కున్నారు.

"కప్పుకో సేటూ! శాలువా కంటె గిదే నీకు తగింది. మా పిల్లల కండ్లు దీంట్ల ఉన్నయి!" ఇన్నేళ్ళుగా ఉన్న 'మీరు' ఆ నోట్లోంచి ఎగిరిపోయింది. "వాసన జూడుండ్రి బాయీ. మీ మందు మా పడుగులు తాగినయి. ఇది పిల్లలకని ఒక్కడు జెప్పలే. తెలిసినంక ఒక్క సీసా అడిగితే, చీర నేసి తెమ్మన్నడు. గోదాం నిండ పెట్టి తాళమేసిండు!" ఆమె పెద్దల వైపు తిరిగింది. "మీరన్న ఒక్క దినం మా గల్లీకొచ్చి జూసిండ్రా? సేటుకిచ్చి, సేటుకే దండేసి పోతిరి. ధర్మం జేసుడంటె గిదేనా?"

సేటు చీర లాగి పారేయబోతే అది మెడకు చుట్టుకుంది. "రేపటి సంది మీకు నూలు లేదు!" అని అరిచాడు.

"నీ నూలు నువ్వే వడుక్కో," అన్నాడు కొమురయ్య. ఇంతవరకూ మూలన నిలబడ్డవాడు ముందుకొచ్చాడు. అతని వెనకే మిగతా ఆడవాళ్ళూ కొంగుల కింద దాచిన చీరలు బయటికి తీశారు.

సుందరాబాయి అప్పటికే గోదావరి రెప్పలు ఎత్తి చూస్తోంది. ఆమె ముఖం నల్లబడింది.

"ఎడమ కన్ను చెయ్యి దాటిపోయింది అక్కా. పది రోజుల కింద తాగిపిస్తే నిలుస్తుండె. కుడిది ఇంక మన చేతిల ఉన్నది." ఆమె లేచి, పెద్దల వైపు చూడకుండా, నర్సప్ప ముందు చెయ్యి చాచింది. "గోదాం తాళంచెవి. ఇప్పుడే!"

నర్సప్ప సేటు వైపు చూశాడు, జనం వైపు చూశాడు. తాళంచెవి ఇచ్చాడు.

షామియానా కిందే పెట్టెలు పగలగొట్టారు. యల్లమ్మ చెంచా నింపి కూతురి నోటి దగ్గర పెట్టింది. గోదావరి వాసన చూసి గబుక్కున రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"అమ్మో, గిది పడుగుది. నేను ముట్టలేదే అమ్మా! కొట్టకే."