లేని పొగకు లెక్క

కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టి, సూరత్‌లో దుకాణాలు ఒక్కొక్కటిగా తలుపులు తెరుస్తున్న వర్షాకాలం అది. పర్యావరణ లెక్కలు చూసే ఒక చిన్న కన్సల్టెన్సీలో హిమశ్రీకి అప్పగించిన పని పైకి చూస్తే తేలికైనదే. ఊరి శివార్లలో సచిన్ అనే పారిశ్రామికవాడ దగ్గర మూతబడిన ఒక అద్దకం మిల్లు స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టబోతున్నారు. కట్టేటప్పుడు వాడే సిమెంటు, ఇనుము, తిరిగే లారీలు, జనం చేరాక కాలే కరెంటు, పెట్రోలు, వీటన్నిటి వల్ల గాలిలోకి ఎంత కర్బనం చేరుతుందో ప్రభుత్వ అనుమతి కోసం లెక్కగట్టాలి. అందులోంచి ఆ స్థలం ఇప్పటికే వదులుతున్న దాన్ని తీసివేయాలి. మిగిలిందే కొత్త కట్టడం వల్ల పెరిగే భారం.

చిక్కంతా 'ఇప్పటికే' అన్న మాట దగ్గర వచ్చింది. బిల్డరు పంపిన కాగితాల్లో మిల్లు 'తాత్కాలికంగా మూత' అని ఉంది. బొగ్గు బాయిలర్ నడుస్తున్నట్టే లెక్కిస్తే, అపార్ట్‌మెంట్ల వల్ల పొగ పెరగకపోగా తగ్గుతుందని తేలుతుంది.

"లాక్‌డౌన్‌కి ముందు ఏడాది బొగ్గు వాడకం తీసుకోమ్మా," అన్నారు ఆ చిన్న కన్సల్టెన్సీ నడుపుతున్న వెంకటాచలం. వేసవిలో ఆస్పత్రి నుంచి తిరిగొచ్చినప్పటి నుంచి ఆయన రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. "పోయినేడు దేశమే మూతబడింది. దాన్ని మామూలు ఏడాది అని ఎట్లా అంటాం?"

ఆ మాటలో న్యాయం ఉంది. "మళ్ళీ తెరిచే మిల్లయితే మీరన్నదే సబబు సార్. ఒకసారి చూసొస్తాను," అంది హిమశ్రీ.

మిల్లు గేటు తీసిన మనిషి మొదట హిందీలో మాట్లాడాడు. ఆమె ఫోన్‌లో అమ్మతో తెలుగులో మాట్లాడ్డం విని మాస్కు కిందికి లాగాడు.

"మీరు మనోళ్ళేనా మేడం! మాది జగిత్యాల దిక్కు. నా పేరు రాజమల్లు."

లాక్‌డౌన్ ముందు అతను ఆ మిల్లు బాయిలర్‌లో బొగ్గు వేసేవాడు. ఊరికి పోయి తిరిగొచ్చేసరికి మిల్లుకు తాళం పడింది. యజమాని అతణ్ణి కాపలాకు పెట్టుకున్నాడు. భార్య ఎల్లవ్వతో దగ్గర్లోని ఉన్ అనే బస్తీలో ఒక గదిలో ఉంటున్నాడు. మిల్లు ఎప్పుడు తెరుస్తారని పాత పనివాళ్ళంతా అతనికే ఫోన్లు చేస్తారట.

"జర ఆగున్రి, దీపావళికి మళ్ళ చాలూ అయితదని సేట్ చెప్పిండు అంటున్న అందరికి. నన్ను వేరే మిల్లోళ్ళు రమ్మన్నరు, నేనే పోలే."

"బాయిలర్ చూడొచ్చా?"

అతను ముందు నడిచాడు. చిమ్నీ నిలబడే ఉంది. దాని కింద షెడ్డు మాత్రం బోసిగా ఉంది. దిమ్మెలోంచి పైకి లేచిన బోల్టులు గ్యాసు మంటతో కోసినట్టు నల్లబడి ఉన్నాయి. గుంతలో వాన నీళ్ళు నిలిచాయి.

"రిపేరుకు తీస్కపోతున్నం అన్నరు మేడం."

"ఎలా తీసుకుపోయారు?"

"కోసి, ముక్కలు చేసి." అతను గుంతవైపే చూస్తున్నాడు. "కోసినదాన్ని మళ్ళ అతుకుతరా అని మా ఎల్లవ్వ రోజూ అడుగుతది. నీకేం ఎరుక, నోరు మూస్కో అంటున్న."

ఆమె వచ్చింది ఫొటోలు తీసుకోవడానికి. తీసుకుంది. ఏమీ చెప్పకుండా వెళ్ళిపోవచ్చు, అది ఆమె పని కాదు. కానీ ఆ మనిషి ఆమె నోటివైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఇక్కడ ఇళ్ళు కట్టబోతున్నారు రాజమల్లు గారూ. మిల్లు ఇక తెరవరు."

అతను కిందికి లాగిన మాస్కును మళ్ళీ పైకి లాక్కున్నాడు. తర్వాత, "గంత మందిని ఆపిన గదా మేడం," అన్నాడు. ఆమె నంబరు అడిగి తీసుకుని, గేటు దాకా వచ్చి సాగనంపాడు.

ఆఫీసులో ఫొటోలు చూసి వెంకటాచలం కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"బాయిలరే లేదు సార్. దాని పొగని ఎలా తీసివేస్తాం?"

"ఈ క్లయింటు పోతే మళ్ళీ రాడమ్మా."

"తెలుసు సార్."

ఆయన కిటికీలోంచి వానను చూస్తూ కూర్చున్నారు. "ఉన్నది ఉన్నట్టే రాయి," అన్నారు చివరికి. "మొన్న చావు తప్పించుకొచ్చినవాణ్ణి. ఇప్పుడు ఈ అబద్ధం మోసే ఓపిక లేదు."

నివేదిక వెళ్ళింది. బిల్డరు గొంతు పెంచాడు, బతిమాలాడు. ఆఖరికి పనిని అహ్మదాబాద్‌లోని మరో సంస్థకు ఇచ్చాడు. ఆ సంస్థ లెక్కలో పొగ తగ్గుతుందనే వచ్చిందని తర్వాత తెలిసింది. హిమశ్రీకి పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. ఆ రోజు మాత్రం అన్నం సహించలేదు.

దసరా ముందు రాజమల్లు ఫోన్ చేశాడు.

"పాండేసరాల వేరే మిల్లుల పనికెక్కిన మేడం. మనోళ్ళు నలుగురైదుగురికి గిక్కడ్నే ఇప్పిచ్చిన. కొందరు తిట్టిన్రు, ఇన్నొద్దులు ఆపితివని. తిట్టనీ, తప్పు నాదే."

"ఏం పని?"

"నాకేమొస్తది మేడం, గదే. బొగ్గేసుడు."

వెనకనుంచి మంట హోరు వినిపిస్తోంది. ఆ హోరులో అతని గొంతు హుషారుగా ఉంది. హిమశ్రీ, "ఎల్లవ్వ ఎలా ఉంది?" అని అడిగింది.

"మంచిగుంది. ఒకపారి ఇంటికి తీస్కరమ్మన్నది మిమ్మల్ని. ఐతారం రాండ్రి, మక్కరొట్టె చేస్తదట."

వస్తానని చెప్పింది. ఆ ఆదివారం వెళ్ళింది కూడా.