తడి గోడ

ఆ ఆదివారం పొద్దున ఫరా కట్టిన కోటలో ఏడుగురు గుక్కెడు నీళ్లు లేక చావుకు దగ్గరయ్యారు.

ఫరా వాళ్ల ఊరు అయిజ. నర్సింగు చివరి పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఎదురుచూస్తూ ఇంట్లోనే ఉంటోంది. పొద్దుపోక పాత ల్యాప్‌టాప్‌లో ఒక ఆట మొదలుపెట్టింది. కొండను తొలిచి కోట కట్టాలి, అందులో చేరిన పొట్టి మనుషులను బతికించుకోవాలి. మామూలు రోజుల్లో వాళ్లు సారాతోనే దాహం తీర్చుకుంటారు. దెబ్బ తగిలి దవాఖానలో పడుకున్న వాళ్లకు మాత్రం ఎవరైనా మంచినీళ్లు తెచ్చి పట్టాలి. చలికాలం వచ్చి బయట చెరువు గడ్డకట్టింది. మృగాల దాడిలో గాయపడ్డ ఏడుగురు మంచాల మీద ఉన్నారు. ఇక బావి కట్టక తప్పలేదు.

దవాఖాన నడుమ నేలను తొలిపించింది. కింద లోతుగా ఒక తొట్టి, అక్కడి నుంచి కొండ లోపల గడ్డకట్టకుండా పారే ఏటి దాకా సొరంగం. పైన బావి చుట్టూ రాతి ఒర, గిలక, మోకు, బకెట్. అన్నీ కుదిరాయి. ఏటికీ సొరంగానికీ మధ్య ఒక్క గోడ మిగిలింది.

"ఒర మంచిగ కూసుంది" అని వెనక నుంచి మాట వినిపించింది.

తండ్రి ఫకీర్ చాయ్ గ్లాసుతో నిలబడి చూస్తున్నాడు. ముప్పై ఏళ్లు బావులు తవ్విన మనిషి. పన్నెండేళ్ల కింద బల్మూర్‌లో తన జోడీ భీమయ్య మీద బావి ఒడ్డు కూలి అతను పోయిన నాటి నుంచి గడ్డపార ముట్టలేదు. బజారులో గొడుగులు బాగుచేస్తూ కాలం గడుపుతున్నాడు.

"ఆ గోడ ఎవరు పగలగొడ్తరు?" అని అడిగాడు.

"ఇగో, వీడు. గుర్తు పెడ్త, పోయి తవ్వుతడు."

"నీళ్లొస్తె యాడికి ఉరుకుతడు?"

ఫరా దాని గురించి ఆలోచించలేదు. అప్పటికే గుర్తు పెట్టేసింది.

గోడ పగిలింది. తవ్విన మనిషి మొదటి ఉరవడిలోనే మునిగిపోయాడు. ఏరు తన దవాఖాన కన్నా ఎత్తులో ఉందని ఆమెకు అప్పుడు తట్టింది. నీళ్లు తొట్టి నింపి ఆగలేదు. ఒర మీంచి పొంగి గదంతా పరుచుకున్నాయి. సొరంగానికి అడ్డంగా ఒక తలుపైనా పెట్టుకోలేదు. మంచాల మీది వాళ్లు లేవలేరు. నీళ్ల కోసం ఎదురుచూసిన ఏడుగురూ ఆ నీళ్లలోనే పోయారు.

"వాడు అడగలేదా?" అన్నాడు ఫకీర్.

"ఎవరు?"

"గోడ కాడికి పోయినోడు. పోవాల్నా వద్దా అని."

"అడగరు నాయినా. ఆట గదా. యాడ గుర్తు పెడితె ఆడికి పోతరు."

ఫకీర్ చాయ్ తాగకుండానే గ్లాసు కిటికీలో పెట్టాడు. "భీమయ్య అడిగిండు" అన్నాడు.

ఫరాకు అర్థం కాలేదు. ఆయన నేల మీద కూర్చుని, ఆమె మొహం చూడకుండా చెప్పాడు. ఆ పొద్దున బావి పడమటి ఒడ్డు చెమ్మగా ఉంది. భీమయ్య వేలితో నొక్కి చూపించి, 'ఫకీరన్నా, గోడ తడిసింది, ఇయ్యాల దిగాల్నా?' అన్నాడు. సాయంత్రం ఎవరిదో పెళ్లికి పోవాలి, పని తెమలాలి. 'ఏం గాదు, దిగు' అన్నాడు ఫకీర్. గంట తిరగక ముందే ఒడ్డు కూలింది. తర్వాత పోలీసులు అడిగితే, 'నేను వద్దన్న, కల్లు తాగి ఇనకుండ దిగిండు' అని చెప్పాడు.

"ఊరంత గదే అంటది. వాని పెండ్లాం గూడ గదే నమ్మింది."

ఫరా ల్యాప్‌టాప్ మూసింది. చిన్నప్పటి నుంచి ఈ మనిషి మౌనాన్ని దుఃఖమనుకుని జాలిపడింది. ఇప్పుడు ఆ జాలి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆమెకు చెప్పాలె నాయినా."

"ఏ మొకం పెట్టుకొని చెప్త?"

"ఇప్పుడున్న మొకమే."

మర్నాడు బస్సులు మారుతూ మధ్యాహ్నానికి బల్మూర్ చేరారు. భీమయ్య భార్య తిమ్మమ్మ వాకిట్లో పల్లికాయ చెరుగుతోంది. కొడుకు భానుప్రకాశ్ మోటరు స్టార్టరు విప్పుకుని కూర్చున్నాడు. కూర్చోమన్నా కూర్చోకుండా, ఫకీర్ నిలబడే అంతా చెప్పాడు.

తిమ్మమ్మ చేట కింద పెట్టింది. "కల్లు తాగలేదా?"

"లేదమ్మా. నాతోటి చాయ్ తాగిండు, అంతే."

"పన్నెండేండ్లు తిట్టుకుంట బతికిన ఆయన్ని. దినాలనాడు గూడ తిట్టిన." ఆమె గొంతు పెద్దది కాలేదు. "నువ్వు ఆడనే ఉన్నవు గదన్నా. ఇన్నవు గద."

"ఇన్న."

భానుప్రకాశ్ లేచి వచ్చాడు. ఫరా తెలియకుండానే తండ్రికి అడ్డం జరిగింది. అతను చెయ్యెత్తలేదు.

"ఈడ మా ముంగట చెప్పి పోతె గాదు. చాయ్ హోటల్ కాడ నలుగురుంటరు. ఆడ చెప్పు, రా" అన్నాడు.

ఫకీర్ తలవంచుకుని అతని వెంట నడిచాడు. ఫరా కూడా కదలబోతే తిమ్మమ్మ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు కూసో బిడ్డా. ఆయన్ని మాఫ్ చేస్తనో లేదో నాకే తెల్వదు. నువ్వయితె కూసో."

ఇద్దరూ పల్లికాయ కుప్ప పక్కన కూర్చున్నారు. కాసేపటికి గల్లీ చివర నుంచి ఫకీర్ గొంతు వినిపించింది. మధ్యలో ఆగింది. ఎవరో గట్టిగా ఏదో అడిగారు. ఆయన మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.