దారి తప్పే లైన్‌మన్

టైలరమ్మ కత్తిరింపుల బల్ల మీద గుడ్డ పరవక వారమైంది. బల్ల నిండా మ్యాపే. సుద్దతో గీయడం, అరచేత్తో తుడిచేయడం, ఇదే పని. అక్క ఉండే ఊరు నూట ఎనభై కిలోమీటర్లు. నాన్న సైకిల్ మీద, రెండు రోజుల్లో, ఒక్కతే వెళ్లాలని పంతం. యాభై నాలుగేళ్లకు ఇదేం పిచ్చి అన్నవాళ్లకు ఆవిడ మూతివిరుపే సమాధానం.

కూతురు మూతివిరుపులకు లొంగే రకం కాదు. ఎముకల వార్డులో నర్సు. లారీలు మనుషుల్ని ఏం చేస్తాయో రోజూ కట్లు కట్టి మరీ చూస్తోంది.

"హైవే మీద ఒక్క కిలోమీటరున్నా సరే, సైకిల్ తాళంచెవి నా దగ్గరే ఉంటుందమ్మా. తర్వాత నీ ఇష్టం."

గుడ్డముక్కలు అతికినట్టు చిన్న రోడ్లన్నీ అతుక్కొచ్చింది టైలరమ్మ. నది దగ్గర తొమ్మిది కిలోమీటర్లు మాత్రం అతకలేదు. ఎన్నిసార్లు వెతికినా ఫోన్ హైవే వంతెననే చూపిస్తోంది.

చివరికి కూతురే అటక మీంచి పాత రేకుపెట్టె దించింది. "తాతయ్య టెలిఫోన్ లైన్‌మన్ కదా. ఏమైనా రాసిపెట్టాడేమో చూద్దాం."

"ఆయన్ని నమ్ముకుంటే తెల్లారినట్టే!" నవ్వింది టైలరమ్మ.

నవ్వదూ మరి? తన అమ్మమ్మగారి ఊరు ఆ నది అవతలే. చిన్నప్పుడు సెలవులొస్తే నాన్న సైకిల్ ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి తనను కూర్చోబెట్టుకునేవాడు. స్తంభం వచ్చినప్పుడల్లా నంబరు చదవమనేవాడు. తనకు అంకెలు వచ్చింది అలాగే. కాలువ నీళ్ల చప్పుడు, నడినెత్తి మీద నాన్న వెచ్చటి ఊపిరి. ఎంత హాయిగా ఉండేదో! చీకటి పడ్డాక అక్కడికి చేరితే, గుమ్మంలో అక్కతో ముందే వచ్చేసిన అమ్మ. "మళ్లీ దారి తప్పారా?" నాన్న తల గోక్కుని "తప్పానే" అనేవాడు. వెయ్యి స్తంభాల నంబర్లు నోటికొచ్చిన మనిషి అత్తారింటి దారి తప్పడం! ఇంట్లో ఆయన పేరే 'దారి తప్పే లైన్‌మన్' అయిపోయింది.

పెట్టెలో అట్ట ఊడిన నోటుబుక్కు దొరికింది. కూతురు పైకి చదివింది.

"మెయిన్ రోడ్డు, తొమ్మిది కిలోమీటర్లు. నేనొక్కణ్ణే అయితే. కాలువ గట్టు, పాత రైలు వంతెన, పద్దెనిమిది. చిన్నది ఉంటే ఇదే. లారీల సంగతి తెలిస్తే వాళ్లమ్మ దాన్ని నాతో పంపదు. దారి తప్పానంటే సరి."

టైలరమ్మ స్టూలు మీద కూలబడింది. "అందరికంటే ఎక్కువ నవ్వింది నేనేనే," అంది.

కూతురు ఫోన్‌లో నది శాటిలైట్ ఫొటోను పెద్దది చేసి చూసింది. వంతెన ఉంది. పట్టాలు పీకేశారు, మనుషులు నడుస్తున్నారు. తాళంచెవి తీసి మ్యాపు మీద పెట్టింది.

టైలరమ్మ గట్టు వెంబడే సుద్దగీత గీసి, అక్కకు ఫోన్ చేసింది.

"చెప్పిన టైముకి రాలేనక్కా. నాన్నలాగే దారి తప్పి వస్తా."