తిప్పి పంపని డ్రాయింగులు

ఆ డిజైన్ ఆఫీసులో ఆమెను అందరూ అక్క అనే పిలిచేవారు. తనకంటే పదేళ్లు పెద్దవాడైన మేనేజరు కూడా అలాగే పిలిచేవాడు. మోడల్ చేసేవాళ్లు కంప్యూటర్లో యంత్రభాగాన్ని నిలబెట్టి, అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోతారు. దాన్ని వర్క్‌షాపులో మనిషి చదువుకోగలిగే డ్రాయింగుగా మార్చడం అక్క పని. ఏ వైపు నుంచి చూపిస్తే అర్థమవుతుందో, ఎక్కడ కోసి లోపలిది చూపాలో, ఏ కొలత రాయాలో, ఏది రాస్తే గందరగోళమో ఆమెకు తెలుసు. తనకు తెలుసన్న సంగతి ఇంకా బాగా తెలుసు.

సొంత చెల్లెల్ని అదే ఆఫీసులో మోడలింగ్ పనికి ఆమే చేర్పించింది. "మా చెల్లెలు మెరిక, చూస్తారుగా" అని చేరకముందే చాటింది. కాకిపిల్ల కాకికి ముద్దని వెనకాల నవ్వినవాళ్లు నవ్వారు. ఆర్నెల్లు చూసి ఉద్యోగం ఖాయం చేస్తారు. డ్రాయింగు చేసేటప్పుడు తప్పులు దొరికి మోడల్ ఎన్నిసార్లు తిరిగి వచ్చిందన్నదే మేనేజరు ముఖ్యంగా చూసేది. చెల్లెలిది ఒక్కటీ తిరిగి రాలేదు. నవ్వినవాళ్లు నోరు మూసుకున్నారు.

ఇక ఖాయమే అనుకుంటున్న వారంలో కొలతలు తనిఖీ చేసే పెద్దాయన ఒక అల్యూమినియం పలకను చంకలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆయన్ని అందరూ మిల్లీమీటరు బాబాయి అంటారు. మందుసీసాలు నింపే యంత్రానికి అది పక్కపలక. అలాంటివి ఇరవై కోశారు. వాటిలో ఒక్కదానికీ ఇరుసులు ఎక్కడం లేదు.

"డ్రాయింగులో ఈ రెండు రంధ్రాల మధ్య రెండొందల నలభై ఆరు. పలకలో రెండొందల నలభై నాలుగున్నర. కోసే మిషను ఏమైనా తాగొచ్చిందా?" అన్నాడు బాబాయి.

కోసే మిషను కాగితం చదవదు. మోడల్ ఫైలును నేరుగా తీసుకుని అందులో ఉన్నదున్నట్టు కోస్తుంది. మోడల్ తెరిచి చూస్తే అక్కడా నలభై నాలుగున్నరే ఉంది. డ్రాయింగులో కొలతలు మోడల్‌లోంచే వాటంతటవే వస్తాయి కాబట్టి, ఆమోదించిన కాగితం మీద నలభై ఆరు ఉందంటే అందరికీ తోచింది ఒక్కటే. డ్రాయింగు అయిపోయాక ఎవరో మోడల్‌ను కదిలించారు. ఆ ఆఫీసులో అంతకన్నా పెద్ద తప్పు లేదు.

మేనేజరు చెల్లెలి వైపు తిరిగాడు. "ఆమోదం అయ్యాక దీన్ని ముట్టుకున్నావామ్మా?"

చెల్లెలు పాలిపోయింది. "లేదండీ... గుర్తులేదండీ. పక్క భాగం చేస్తున్నప్పుడు ఇది కూడా తెరిచే ఉంది. పరధ్యానంలో మార్చేశానేమో."

అక్క తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

జరిగిందేమిటంటే, చెల్లెలు మోడల్‌లోనే నలభై నాలుగున్నర కొట్టింది. యంత్రానికి అవతలి వైపు ఉండే పలకకు, కొలతలు మారకముందు చేసిన పాత ఫైలు చూసి కొట్టిన అంకె అది. డ్రాయింగు చేస్తున్నప్పుడే అక్క కంటికి అది తగిలింది. వేరేవాళ్లదైతే రెండు చీవాట్లు కలిపి తిప్పి పంపేది. చెల్లెలిది గనక ఆ కొలత మీద రెండుసార్లు నొక్కి, దాని స్థానంలో 246 అని తన చేత్తో టైపు చేసింది. కాగితం మీద అంతా సవ్యంగా కనిపించింది. మోడల్ సంగతి రేపు చెల్లెలి చెవిన వేద్దాంలే అనుకుంది. ఆ రేపు ఇంకా రాలేదు.

కంప్యూటర్లో ఆ డ్రాయింగు ఫైలు తెరిచి ఆ అంకె మీద ఒక్కసారి నొక్కితే చాలు, సంగతి బయటపడేది. ఎవరూ తెరవలేదు. అక్క డ్రాయింగును అనుమానించే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. ఆ నమ్మకాన్ని చూసి ఆమెకు మొదటిసారి ఒళ్లు కంపరమెత్తింది.

"ఉద్యోగం సంగతి రేపు మాట్లాడదాం" అన్నాడు మేనేజరు. ఆ గొంతులో ఖాయం చేసే ధోరణి లేదు.

బస్సులో అక్కచెల్లెళ్లిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. చెల్లెలు అంది: "నీ పరువు తీశానక్కా. నన్ను నమ్మి చేర్పించావు. రేపట్నుంచి నిన్నెలా చూస్తారో ఏమిటో."

"పోనీలే" అంది అక్క. ఆ మాట అన్న మరుక్షణం తన నాలుకను తానే కొరుక్కోవాలనిపించింది. తప్పు చేసింది తను, క్షమాపణ అందుకుంటున్నదీ తనే. పైగా పెద్దమనసుతో క్షమించేసింది కూడా.

భోజనాల దగ్గర సంగతి విని అక్క మొగుడు మరదలిని నవ్వించబోయాడు. "బాధపడకమ్మా. అయినా మీ అక్క కళ్లు తప్పించుకుని చీమ కూడా పోదు కదా, ఇది ఎలా పోయింది?"

"అక్క చూసినప్పుడు సరిగ్గానే ఉంది బావా. పాడుచేసింది ఆ తర్వాత నేనే" అని చెల్లెలు కంచం ముందునుంచి లేచిపోయింది.

అక్క చెల్లెలి కంచం మీద మూత పెట్టింది. సిగ్గంటే నలుగురిలో తలదించుకోవడమే అనుకునేది ఇన్నాళ్లూ. తల నిటారుగానే ఉన్నా లోపల అంతా కుళ్లిపోయినట్టు ఉండగలదని ఇప్పుడు తెలిసింది.

మర్నాడు ఆఫీసుకు రాగానే చెల్లెలి చెయ్యి పట్టుకుని మేనేజరు గదిలోకి నడిచింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా చెల్లెలు మోడల్‌ను తర్వాత ముట్టుకోలేదండీ. మొదట్నుంచీ తప్పే ఉంది. అది నేను చూశాను. చూసి, తిప్పి పంపకుండా డ్రాయింగులో అంకె మార్చి కొట్టాను. నిన్న మీ అందరి ముందూ నోరు విప్పలేదు."

చెల్లెలు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇదొక్కటేనా?" అన్నాడు మేనేజరు.

"ఒక్కటే" అంది అక్క. నిజం చెప్పడానికని వచ్చిన నోరే ఆ మాటా అనేసింది.

మేనేజరు లేచి హాల్లోకి వచ్చాడు. "మోడల్‌లోంచి రాకుండా చేత్తో కొట్టిన కొలతలు ఎర్రగా కనిపించే సెట్టింగు ఒకటుంది కదా. అది పెట్టి ఈ ఆర్నెల్ల డ్రాయింగులన్నీ తెరవండి" అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు హాల్లో సగంమంది కుర్చీల్లో సర్దుకున్నారు. కానీ ఆయన నిలబడింది అక్క కంప్యూటర్ దగ్గరే. అక్క కదిలేలోపే చెల్లెలు ఆ కుర్చీలో కూర్చుంది.

మొదటిది తెరిస్తే అన్నీ నల్లటి అంకెలే, ఒక్కటీ ఎర్రగా లేదు. అది వేరే ఎవరో చేసిన మోడల్. అక్కకు ప్రాణం కాస్త లేచొచ్చింది. రెండోది చెల్లెలిది. మూలన ఒక అంకె ఎర్రగా వెలిగింది. తర్వాతదానిలో రెండు. మళ్లీ వేరేవాళ్లది, అంతా నలుపు. మళ్లీ చెల్లెలిది, మళ్లీ ఎరుపు. కొన్ని ఇంకా కోతకు వెళ్లలేదు, కొన్నింటిలో తేడా ఎవరికీ అడ్డుపడలేదు. అందుకే ఇన్నాళ్లూ గుట్టు దాగింది. తన వెనక మనుషులు నిలబడ్డారని అక్కకు తెలుస్తోంది. బాబాయి దగ్గబోయి ఆపుకున్నాడు.

లెక్క పూర్తవకుండానే మేనేజరు చెయ్యెత్తి ఆపాడు. "ఇప్పుడు నీ పని ఎలాంటిదో చెప్పమంటే నాకే తెలియదమ్మా" అన్నాడు చెల్లెలితో. కోపంగా అనలేదు, అన్నా నయంగా ఉండేది. "ఆర్నెల్లుగా నేను చూసింది మీ అక్క పని. నీకు మళ్లీ మొదట్నుంచి ఆర్నెల్లు పెడతాను. అంతకన్నా ఏం చేయలేను." ఆయన గదిలోకి వెళ్లిపోయాడు. మనుషులు ఒక్కొక్కరే చెదిరారు.

చెల్లెలు ఏడవలేదు. ఏడ్చి ఉంటే అక్క దగ్గరికి తీసుకునేది, అది ఆమెకు బాగా వచ్చిన పని.

"నీకు మాట రాకూడదని చేశానే" అంది అక్క.

"నాకా, నీకా?"

జవాబు అక్కకు తెలుసు, కానీ అది చెప్పుకునేది కాదు.

"ఒక్కటీ తిరిగి రాలేదంటే నాకు పని వచ్చిందనుకున్నానక్కా" అంది చెల్లెలు, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ప్రతి పలకా ఇలాగే పాత ఫైలు చూసి చేశాను. అది తప్పని నాకు ఎవరు చెప్పారు?"

లేచి కుర్చీ వెనక్కి జరిపింది. "కూర్చో. అన్నీ నాకు తిప్పి పంపు. అందరికీ రాసినట్టే కారణం కూడా రాయి."

అక్క కూర్చుంది. పక్కపలక డ్రాయింగు తెరిచి, తను కొట్టిన ఎర్రటి 246ను చెరిపేసింది. దాని స్థానంలో 244.5 మళ్లీ వచ్చి కూర్చుంది. కారణం రాసే చోట 'పాత ఫైలు నుంచి తీసుకున్న కొలత, సరిచేయాలి' అని రాసింది. చీవాట్లు రాసే చెయ్యి ఆ ఒక్క ముక్కను మూడుసార్లు చెరిపి రాసింది. పంపింది.

చెల్లెలు కుర్చీ వెనకాలే నిలబడి ఉంది.

"తర్వాతది" అంది.