నలభై బోల్టుల ఓడ

పొద్దున్న ఆరున్నరకి వడ్రంగి తన అక్క చక్రాల కుర్చీని షెడ్డు దాకా తోసుకొచ్చి, ఓడ తలుపు ముందు ఆపి, బ్రేకు వేస్తాడు. ఆవిడ రెండు చేతులతో తలుపు చట్రం పట్టుకుని ఒంటిని లోపలికి లాక్కుంటుంది. నడుము గడప దాటగానే తేలుతుంది. చచ్చుబడిన కాళ్ళు వెనకాలే మెల్లగా లేచి వస్తాయి. తమ్ముడు స్పానరు లోపలికి విసిరితే అది కూడా తేలుతూ ఆవిడ చేతికి చేరుతుంది. బరువు లేనిచోట బోల్టుకి కూడా బద్ధకమే, రోజూ కాస్త వదులవుతుంది. నలభై బోల్టులూ బిగించి ఆవిడ బయటికొచ్చేసరికి ఎనిమిదవుతుంది. సాయంత్రం మళ్ళీ ఒక గంట, ఊరికే తేలడానికి.

ఓడంటే, ముప్ఫై ఏళ్ళ కిందట ఈ ఊరి స్టూడియోలో తీసిన ఒకే ఒక్క అంతరిక్షం సినిమా కోసం వడ్రంగి చేసిన రాకెట్టు. లోపల ప్లైవుడ్డు, పైన రేకు. మేకు తల ఒక్కటి కెమెరాకి కనబడినా డైరెక్టరు తోలు తీస్తాడని, బోల్టులన్నీ లోపలి నుంచే బిగించాడు. ఆ సినిమాకి బట్టలు కుట్టింది అక్కే. హీరో తేలడానికి తీగలు కట్టారు. షూటింగు అయ్యాక తీగలు విప్పుకుపోయారు గానీ, తేలడం మాత్రం లోపలే ఉండిపోయింది. స్టూడియో మూతపడ్డాక ఓడ ఈ షెడ్డుకొచ్చింది, లోపల బోల్టులు బిగించే పని అప్పటి నుంచీ అక్కదే. ఐదేళ్ళ కిందట బస్సు ప్రమాదంలో అక్క నడుము దెబ్బతిని, డాక్టర్లు చేతులెత్తేశాక, ఆవిడకి ఆ ఓడే కాళ్ళయింది.

ఇప్పుడేమో సినిమాకి ముప్ఫై ఏళ్ళు నిండాయట. ఓడ ఊరందరిదీ కాబట్టి ఊరందరికీ కనబడేచోట పెట్టాలని పురపాలక సంఘం తీర్మానం చేసింది. చోటు నిర్ణయించడానికి ముగ్గురితో కమిటీ వేసింది. ఒకరు సినిమా హాలాయన, ఒకరు మ్యూజియం మేడం, ఓడ చేసినవాడు గనక మూడోవాడు వడ్రంగి.

శుక్రవారం ముగ్గురూ షెడ్డులోనే కూర్చున్నారు. అక్క ఓడలో ఉంది. స్పానరు కిర్రు కిర్రుమంటోంది.

"మా హాలు గుమ్మంలో పెడదాం. టికెట్టు కొన్న ప్రతివాడూ ఎక్కుతాడు, తేలుతాడు, దిగుతాడు. జనం విరగబడతారు," అన్నాడు హాలాయన.

"విరిగేది ఓడండీ. ఆర్నెల్లలో పుల్లలు ఏరుకోవాలి," అంది మేడం. "నేను అద్దాల గది కట్టిస్తాను. తలుపుకి సీలు వేస్తాం. ఇంకో వందేళ్ళు చెక్కుచెదరదు. ఇంతకీ లోపల ఆ చప్పుడేమిటి?"

"మా అక్కండీ. బోల్టులు బిగిస్తోంది."

"మంచిది. ఇదే ఆఖరు కదా, గట్టిగా బిగించమనండి."

హాలాయన ఓటు హాలుకి, మేడం ఓటు మ్యూజియానికి. ఇద్దరూ వడ్రంగి వైపు తిరిగారు. మూడు రోజులుగా రంపం లాగుతూ అతను ఒక మాట నోట్లో నానబెట్టుకుంటున్నాడు. ఇక్కడే ఉంచుదామండీ, వీధివైపు గోడ తీసేస్తే అందరికీ కనబడుతుంది, మా అక్కకి వేరే దారి లేదు. అంతే, ఇంతకన్నా ఏమీ లేదు. కానీ కమిటీలో కూర్చోబెడితే సొంత మనిషి కోసం ఓడ ఉంచేసుకున్నాడని, కంచే చేను మేసిందని, రేపు ఊరు అనదా? ఊరు మాటంటే అతనికి చిన్నప్పటి నుంచీ చచ్చేంత భయం.

లోపల స్పానరు చప్పుడు ఆగిపోయింది.

"మ్యూజియానికే," అన్నాడు వడ్రంగి. అతని గొంతు అతనికే నచ్చలేదు.

వాళ్ళు వెళ్ళాక అక్క తలుపులోంచి కుర్చీలోకి జారింది. స్పానరు తమ్ముడి చేతిలో పెట్టింది.

"నాకు కాళ్ళు లేవని ఐదేళ్ళుగా ఏడుస్తున్నాను. నీకు నోరు లేదన్న సంగతి ఇవాళ తెలిసింది," అంది.

శనివారం ఆవిడ ఓడ ఎక్కలేదు. ఆదివారం అతను కుర్చీని గడప దాకా తోస్తే, "సీలు వేసేదానికి సింగారం దేనికిరా, తిప్పు వెనక్కి," అంది. ఇంట్లో మంచమ్మీద కాళ్ళు రెండూ దుంగల్లా పడి ఉన్నాయి. వాటిని చూడలేక అతను దుప్పటి కప్పాడు. ఆవిడ ఆ దుప్పటి తీసి అవతల పారేసింది.

సోమవారం పదింటికి మేడం లారీ తీసుకొచ్చింది. ఆరుగురు హమాలీలు ఓడని వాసాలకి తాళ్ళతో కట్టి, నేలకి జానెడెత్తున వేలాడేలా భుజాలకెత్తుకున్నారు. నాలుగడుగులు వేశారో లేదో, లోపల గలగలమంది. మూడు రోజుల బద్ధకం! బోల్టులు ఊడి ఓడంతా ఈదుతున్నాయి. గడప దాటినవి టపటపా నేల మీద రాలుతున్నాయి. అడుగు పలక ఒక పక్క ఊడి వేలాడింది. దించితే పలక విరిగి ఓడ కూలుతుంది, దించకపోతే మోసేవాళ్ళ భుజాలు కూలేలా ఉన్నాయి.

"త్వరగా ఏదో ఒకటి చెయ్యండయ్యా!" అని అరిచాడు ముందున్న హమాలీ.

మేడం పిరికి మనిషి కాదు. స్పానరు అందుకుని తనే ఎక్కేసింది. బోల్టుకి స్పానరు తగిలించి బలంగా తిప్పింది. బోల్టు కదల్లేదు, మేడమే గిర్రున తిరిగింది. రెండోసారి తిప్పితే తలకిందులై కప్పుకి తల కొట్టుకుంది. మూడోసారికి స్పానరు చెయ్యి జారి తలుపులోంచి బయటపడింది.

వేడుక చూడ్డానికొచ్చిన హాలాయన, "బయట నుంచి నాలుగు మేకులు కొట్టండి, గొడవ వదిలిపోతుంది," అన్నాడు. లారీ డ్రైవరు సుత్తి తీశాడు.

వడ్రంగి సుత్తికి అడ్డంగా నిలబడ్డాడు. కింద పడ్డ స్పానరు తీసి, గుమ్మంలో కుర్చీలో ఉన్న అక్కకి చాచాడు.

ఆవిడ తీసుకోలేదు. "ఎవరి కోసం బిగించాలి? అద్దాల గది కోసమా?"

హమాలీల కాళ్ళు వణుకుతున్నాయి. వీధి వీధంతా చూస్తోంది.  అయినా వడ్రంగి నోరు తెరిచాడు.

"వినండి! మా అక్క రోజూ లోపలుండకపోతే ఈ ఓడ నిలవదు. ఈ ఓడ లేకపోతే మా అక్క బతకలేదు. శుక్రవారం నేను వేసిన ఓటు తప్పు. ఎక్కడ పెట్టుకున్నా పెట్టుకోండి, సీలు వెయ్యడానికి మాత్రం నేనొప్పుకోను. కంచే చేను మేసిందంటారా, అనుకోండి. మేసింది!"

 ఓడలోంచి మేడం గొంతు వినబడింది.

"సీలు ఉండదు, నాదీ మాట. ముందు కిందెటో చెప్పండమ్మా ఎవరైనా!"

అక్క స్పానరు లాక్కుంది. తమ్ముడు కుర్చీని గడప దాకా ఒక్క పరుగున తోశాడు. ఆవిడ లోపలికి లేచి, మేడాన్ని భుజం పట్టి తలుపువైపు సాగనంపి, హీరో పట్టుకోవడానికని ముప్ఫై ఏళ్ళ కిందట పెట్టిన తోలు పట్టీలో ఎడమ మోచెయ్యి దూర్చింది. అలా పట్టు దొరికితేనే బోల్టు తిరుగుతుంది. ఈదుతున్న బోల్టుల్ని ఒక్కొక్కటే పట్టుకుని అడుగు పలకకి బిగించింది. రాలినవాటిని తమ్ముడు ఏరి అందించాడు. పలక మళ్ళీ బిగుసుకున్నాక హమాలీలు ఓడని దించి, భుజాలు రుద్దుకుంటూ అక్కడే కూలబడ్డారు.

మ్యూజియంలో ఇప్పుడు ఓడ చుట్టూ అద్దాల గది ఉంది. దానికి కుర్చీ పట్టేంత వెడల్పున తలుపుంది. తలుపు చేసింది వడ్రంగే, తాళం పెట్టలేదు. మేడం రాయించిన ఉద్యోగపు కాగితంలో అక్క హోదా 'బోల్టులు బిగించువారు' అని ఉంది. పొద్దున్నే తమ్ముడు కుర్చీ తోసుకొచ్చి బ్రేకు వేసి వెళ్తాడు. దారిలో ఎవరైనా ఏమైనా అంటే ఆగి జవాబు చెబుతాడు, అందుకే ఒక్కోరోజు ఆలస్యమవుతుంది.

చూడ్డానికొచ్చినవాళ్ళు ఓడకన్నా ముందు ఖాళీ కుర్చీని చూస్తారు. అదెవరిదని కాపలా ఆయన్ని అడుగుతారు.

"ఆవిడ పనిలో ఉన్నారండీ," అంటాడాయన. "ఐదింటికి దిగుతారు."