పచ్చి నేల

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. ఈ కాస్తా రాయడానికి చలికాలమంతా పట్టింది.

ప్యో మాన్‌సొక్ స్నానాలగదిలో మోకాళ్లకు మెత్తటి పట్టీలు కట్టుకుని, వాటి మీద కూర్చుని, కరెంటుతో వేడెక్కే తీగను మెలికలు తిప్పుతూ నేలంతా పరుస్తున్నాడు. మెలికకూ మెలికకూ మధ్య నాలుగు వేళ్లు పట్టేంత సందు. కాస్త తీగ బిగించడం, మీటరు పెట్టి చూడడం. ముల్లు సరిగ్గానే నిలబడేది. అయినా మళ్లీ పెట్టేవాడు. తీగ అమ్మిన కొట్టువాడి మీద అతనికి నమ్మకం లేదు, తన చేతుల మీద అంతకన్నా లేదు. పొట్టి మనిషి. వెడల్పాటి భుజాలు, సిమెంటు తినేసిన గోళ్లు. ఇంటికి తాళం వేసి బయల్దేరి, సగం దారిలోంచి వెనక్కొచ్చి ఆ తాళం లాగి చూసే రకం.

గుమ్మం దగ్గర పీట వేసుకుని ఇంటావిడ తాక్ సున్‌రె కూర్చుంది. ఎనభై దాటిన ఒంటరి మనిషి. పోయిన చలికాలం ఈ గదిలోనే, నీళ్లు గడ్డకట్టిన నేల మీద కాలు జారి తుంటి విరిగింది. ఇంకోసారి పడితే వృద్ధాశ్రమమేనని కూతురు తేల్చి చెప్పి, వెచ్చటి నేల వేయమని మేస్త్రీని పంపింది. పొద్దున్నుంచి సున్‌రె అతని చేతుల మీంచి చూపు తిప్పలేదు.

“నీళ్లున్న చోట కరెంటేమిటయ్యా మేస్త్రీ? నన్ను చేపలా వేయించేద్దామనా?”

“తీగకి తొడుగుంది పెద్దమ్మా. షాక్ కొడితే ముందు నాకే కొడుతుంది.”

“నీకు కొడితే నాకేం లాభం? మా అమ్మాయి నీతో ఏమైనా చెప్పిందా?”

“ఏం చెబుతుంది?”

“ముసలిదాన్ని త్వరగా పంపించెయ్యమని.”

అతను నవ్వలేదు. ఫోనులో ఆ కూతురి గొంతు అతనికీ నచ్చలేదు. మీటరు తీసి ఇంకోసారి పెట్టాడు.

మధ్యాహ్నం ఆమె పిండి పిసికి, చేత్తో కోసిన సేమ్యాల పులుసు పెట్టింది. పక్కన కొత్త కిమ్చి పచ్చడి. పులుసు కమ్మగా ఉంది, అందుకే అతనికి అనుమానం వచ్చింది. బాగా పెట్టినవాళ్లే చివర్లో ఏదో ఒకటి అడుగుతారు.

“సాయంత్రం వెలిగించేదా?” అంది ఆమె.

అతని చెంచా ఆగింది. పొద్దున్నుంచి భయపడుతున్న మాట ఇదే.

“వద్దు. వచ్చే మంగళవారం దాకా ముట్టుకోకూడదు. లోపల గార పచ్చిగా ఉంటుంది. వేడి తగిలితే పగిలిపోతుంది, పలకలు లేచిపోతాయి.”

“మరి ఆరేదెలా? మా ఆయన మనం కూర్చున్న ఈ గది నేల వేసినరోజునే, నేల కిందికి వేడి పోయే పొయ్యిలో కట్టెలు పేర్చి మంట పెట్టాడు. నిప్పు పెట్టకుండా ఎవరైనా నేల ఆరబెడతారా?”

“అది మట్టినేల పెద్దమ్మా.”

“నేల నేలే.”

నిరుడు ఇంకో ముసలమ్మ కూడా ఇలాగే సరే సరే అని, అతను వీధి మలుపు తిరగ్గానే మీట నొక్కింది. నేలంతా పగలగొట్టి మళ్లీ వేస్తుంటే అతనికి గుండె పట్టేసింది. ఇంకోసారి అంత బరువు ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఈ నేల పగిలితే మళ్లీ వేయడం అతని వల్ల కాదు. ఈవిడకి ఆశ్రమం తప్పదు.

తీగ మీద గార పోసి, పలకలు పరిచి, ఒక్కొక్కదాన్నీ రబ్బరు సుత్తితో తట్టి చెవి ఒగ్గి విన్నాడు. బోలుగా పలికినదాన్ని ఊడదీసి మళ్లీ అంటించాడు. పొద్దు వాలేసరికి తెల్ల సిమెంటుతో సందులు పూడ్చి, గది బయట గోడకు మీటల పెట్టె బిగించాడు.

“సరేలే, ముట్టుకోను,” అంది సున్‌రె. అడగకముందే అంది.

మాన్‌సొక్ ఆమె మొహం చూశాడు. స్క్రూలు విప్పి, పెట్టె ఊడదీసి, తీగల కొసలకు టేపు చుట్టి, పెట్టెను జేబులో వేసుకున్నాడు.

“అదెక్కడికయ్యా? దొంగతనమా?”

“మంగళవారం తెచ్చి బిగిస్తా.”

“రాకపోతే?”

“వస్తా.”

“నువ్వూ ముసలాడివే. ఈలోగా పోతే?”

“మా ఆవిడ తెస్తుంది. ఆవిణ్ణి మీరే కాదు, నేనూ ఆపలేను.”

రాత్రి అన్నం తింటూ ఇదంతా భార్యకు చెప్పాడు. “పెట్టె అక్కడ వదిలుంటే, నేను బస్సెక్కేలోపు నొక్కేసేది,” అని చాలా రోజులకు గట్టిగా నవ్వాడు. గడియ వేశావా అని అడిగి, వేశానన్నా తనే లేచి చూసొచ్చి పడుకున్నాడు. తెల్లారి లేవలేదు.

మంగళవారం నాడు అతని భార్య ఓక్బున్ ఆ పెట్టె పట్టుకుని, తన పక్కింటి ఎలక్ట్రీషియన్ను వెంటబెట్టుకుని సున్‌రె ఇంటి సందు ఎక్కింది. సున్‌రె తలుపు సగమే తీసింది.

“ఎవరు?”

“మేస్త్రీ భార్యని.”

“అతనేడి? నిన్ను పంపించాడేం?”

అంటూనే ఓక్బున్ జుట్టులో చావింటివాళ్లు పెట్టుకునే తెల్ల రిబ్బను చూసింది. తలుపు పూర్తిగా తీసింది.

నేల మీద ఒక్క పగులు లేదు.

“అడుగు పెట్టలేదమ్మా. పక్కింటికి వెళ్లి స్నానం చేస్తున్నా,” అంది సున్‌రె. “బొగ్గుల కుంపటి పెట్టి ఆరబెడదామనుకున్నా. కానీ మీ ఆయన అనుమానప్పక్షి. గోడ చాటునుంచి చూస్తూంటాడని మానేశా.”

ఎలక్ట్రీషియన్ పెట్టె బిగించి మీట నొక్కాడు. చాలాసేపు ఏమీ కాలేదు. ఆడవాళ్లిద్దరూ గుమ్మంలో చతికిలబడి, చెరో అరచెయ్యీ నేలకు ఆనించి కూర్చున్నారు. ముందు చల్లగా, తర్వాత చల్లగా లేకుండా, తర్వాత వెచ్చగా.

“నమ్మొచ్చంటావా?” అంది సున్‌రె.

“ఆయనైతే ఇంకోసారి చూడాలనేవాడు,” అంది ఓక్బున్.

తిరిగి వెళ్తుంటే పెరట్లో తాడు మీద, సున్‌రె ఉతికి ఆరేసిన మాన్‌సొక్ మోకాలి పట్టీలు కనిపించాయి. అతను మరిచిపోయి వెళ్లినవి. బాగా ఎండిపోయాయి, కానీ వంగిన మోకాళ్ల వంపు వాటిలో అలాగే ఉంది.

ఛే ఓక్బున్, డెబ్బై రెండేళ్లు. జెచొన్‌లో ఉంటున్నాను.